ఏడు ఆనప మొక్కలూ, నల్ల పెట్ట మీద అనుమానమూ

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరినీ ఎవరూ నమ్మని పది పన్నెండు రోజులు గడిచాయి. అంతకు ముందూ ఆ తరువాతా మేము మామూలు సంసారులమే. ఆ కొద్ది రోజులూ మాత్రం మా పెరడు పోలీసు ఠాణా అయిపోయింది. మా నాన్నమ్మ ఇన్‌స్పెక్టరు. ఎనిమిదేళ్ల నేను కానిస్టేబులు. ముద్దాయి మాత్రం పూటకొకరు మారేవారు. ఒక పూట నేనే ముద్దాయినీ, నేనే కానిస్టేబులునీ అయి, నన్ను నేనే రెక్క పట్టుకుని నాన్నమ్మ ముందు నిలబెట్టుకోవలసి వచ్చింది.

మా ఊరు కోటబొమ్మాళికి దగ్గర. తూర్పు గాలి తిరిగిందంటే సముద్రం వాసన వస్తోందని మా తాతయ్య మురిసిపోయేవాడు. అది సముద్రం కాదనీ, పక్కింటి అక్క ఎండేసిన నెత్తళ్ల చేపలనీ నాన్నమ్మ తేల్చేసేది. పక్కింటి అక్క రేవు ఊరి పిల్ల. మా ఊరికి కోడలిగా వచ్చి, పొద్దున్నే చేపల గంప నెత్తిన పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్లలో అమ్ముకొచ్చేది. నాన్నమ్మ నీచు మానేసి అప్పటికి చాలా ఏళ్లు. అయినా మా రెండు పెరళ్ల మధ్య తాటాకు దడిలో ఒక మనిషి పట్టేంత సందు ఉండేది. ఆ సందులోంచి మా వైపు నుంచి మజ్జిగ వెళ్లేది, ఆ వైపు నుంచి కబుర్లు వచ్చేవి. నేను రోజుకి నూటపదహారు సార్లు దూరేదాన్ని. అక్క పెంచే నల్ల పెట్ట నాకంటే రెండు సార్లు ఎక్కువ దూరేది.

నాన్నమ్మ పుట్టిల్లు శ్రీముఖలింగం పక్కన, వంశధార ఒడ్డున. పెళ్లయి వచ్చేటప్పుడు సారె బుట్టలతో పాటు వాళ్లమ్మ ఆవిడ కొంగున ఒక చిన్న మూట కట్టింది. అందులో ఉన్నవి ఆనప విత్తనాలు. సారె మిఠాయిలు వారంలో అయిపోయాయి. ఆనప మాత్రం ప్రతి తొలకరికీ మొలిచి, మా వంటింటి కప్పు ఎక్కి, ఇంటిని కనపడకుండా చేసేది. ఒక్కో కాయ మూడేళ్ల పిల్లంత ఉండేది. నాకు మూడేళ్లప్పుడు నన్నూ ఒక కాయనూ పక్కపక్కనే చాప మీద పడుకోబెడితే, చీకటి గదిలో మా మేనమామ కాయని ఎత్తుకుని ముద్దాడి వెళ్లిపోయాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. నేను నమ్మను. కాదని ఎక్కడా చెప్పనూ లేదు.

ఆ సంవత్సరం, విత్తనానికని అటక మీద దాచిన ఎండుకాయని ఎలకలు కొట్టేశాయి. నాన్నమ్మ అటకెక్కి, ఎలకలు వదిలేసిన చెత్తలో ఏరగా ఏరగా ఏడు గింజలు దొరికాయి. పుట్టింటి వైపు ఆ పాదు ఏనాడో ఏటి వరదకి పోయింది. పాదు పెట్టే మనుషులూ పోయారు. అంటే లోకం మొత్తం మీద వాళ్లమ్మ ఇచ్చిన ఆనప ఇక ఆ ఏడు గింజలే. తొలకరి పడగానే ఏడింటినీ పెరట్లో పెట్టింది. ఏడూ మొలిచాయి. రెండేసి లేత ఆకులతో నిలబడ్డ ఆ మొక్కల్ని పలకరించకుండా నాన్నమ్మ పొయ్యి వెలిగించేది కాదు. మా తాతయ్య జ్వరంతో మూలిగినప్పుడు కూడా నుదుటి మీద అంత మెత్తగా చెయ్యి వెయ్యలేదని ఆయన బాధ.

ఒకనాటి పొద్దున్న చూస్తే ఒక మొక్కకి ఆకులు లేవు. కాడ మాత్రం అగ్గిపుల్లలా నిలబడి ఉంది. పక్క మొక్క ఆకుల నిండా కన్నాలు. ఆ కన్నాలు ఎన్నంటే ఆ ఆకు పెట్టి పిండి జల్లించుకోవచ్చు. అంచులు ఎవరో కూర్చుని తీరిగ్గా కొరికినట్టున్నాయి. నాన్నమ్మ అక్కడే కూలబడి, లేచి, కొంగు నడుముకి బిగించింది. మా ఇంట్లో కొంగు నడుముకి చేరిందంటే ఎవరో ఒకరు దొరకాల్సిందే.

మొదట దొరికింది నేను. బొమ్మల వంటకి ఆకులు తెంపుతానని నాకు ఊళ్లో పేరుంది. మా పెరట్లో గోంగూర మొక్కలు నన్ను చూస్తే తల దించుకునేవి. కానీ ఆనప జోలికి వెళ్లలేదని దీపం మీద ఒట్టేశాను. ఒట్టు నిజమే అయినా నా మొహం దొంగ మొహం కావడం వల్ల సగమే నమ్మింది. మిగతా సగం అనుమానం తాతయ్య మీదకి తిప్పింది. ఆయనకి కారణం ఉంది. ఆనపకాయ పులుసు పెట్టిన రోజున ఆయన ముక్కలన్నీ ఏరి విస్తరి అంచున వరసగా పేర్చేవాడు. నలభై ఏళ్లుగా ఆనపకాయని భరించిన మనిషి, ఆనప వంశాన్నే తుడిచేసే అవకాశం వస్తే ఊరుకుంటాడా అని నాన్నమ్మ వాదన.

"నాను ఆకులు కొరుక్కుని తిన్నానంటావేటి?" అన్నాడు తాతయ్య, ఉన్న నాలుగు పళ్లూ చూపించి. ఆ పళ్లతో అంత సన్నని కన్నాలు పడవని నాన్నమ్మే పరీక్ష చేసి వదిలేసింది.

మర్నాటికి ఇంకో మొక్క పోయింది. ఇక దిష్టి అనుకున్నాం. నాన్నమ్మ మసికుండకి సున్నం చుక్కలు పెట్టి పాదు మీద వేలాడగట్టింది. ఆ కుండకి పెట్టిన కళ్లు ఎంత భయంగా ఉన్నాయంటే, రెండు రోజుల పాటు నేను పెరటి వైపు వెళ్లవలసిన పనులన్నీ వాయిదా వేసుకున్నాను. దొంగ మాత్రం భయపడలేదు. మూడో మొక్క ఆకుల్ని ఆ కుండ కిందనే తిని పోయాడు. నాలుగు మిగిలాయి.

అప్పుడే నల్ల పెట్ట దడి సందులోంచి తల పెట్టి, మెడ వంచి, ఒంటి కన్నుతో పాదు వైపు చూసింది. ఆ చూపులోనే నేరం ఉందని నాకు తోచింది. దాని నడక చూడండి, మా ఊరి కరణం పొలం కొలవడానికి వచ్చినట్టుంటుంది. పైగా దాని ముక్కున పచ్చగా ఏదో ఉంది. అది పచ్చిమిరపకాయ తొడిమో, గడ్డిపరకో నేను సరిగా చూడలేదు. కానీ చూశానని చెప్పాను. కానిస్టేబులుద్యోగం అలాంటిది.

నాన్నమ్మ దడి దగ్గరికి నడిచింది.

"ఏటే గుంటా, నీ పెట్ట మా పాదులో ఏటి సేత్తంది?"

"పెట్టలు ఏటి సేత్తాయి మామ్మా. గెలుకుతాయి," అంది అక్క, అటువైపు చేపలు కడుగుతూ.

"గెలుకుతాదా, తింటాదా?"

"రెండూ సేత్తాది. నాను కాదంతన్నానా? కానీ నీ ఆనపాకు తిన్నాదంటే మాత్రం ఒప్పుకోను. దానికి ఆనప పడదు, తాతకి లాగే."

తాతయ్య వరండాలోంచి దగ్గాడు. నాన్నమ్మకి ఆ జవాబు నచ్చలేదు. కోడిని గంప కింద వెయ్యమంది. అక్క వేసింది. అంతటితో ఊరుకోకుండా నాన్నమ్మ ముళ్లకంప తెచ్చి దడి సందులో కుక్కించింది. ఆ కంప కుక్కిన చేతులు నావే. నా రాకపోకల దారిని నేనే మూసుకుంటున్నానని అప్పటికి తట్టలేదు.

మొక్కల్ని కాపాడాలంటే కోడిని కట్టడం ఒక్కటే చాలదని నాన్నమ్మ నిశ్చయం. కాయలు ఒలిచాక మిగిలిన కొబ్బరి డొక్కలు మా వైపు ఇంటింటికీ గుట్టలుంటాయి. వాటిని తెచ్చి నాలుగు మొక్కల చుట్టూ కోటగోడలా పేర్చింది. వానలు మొదలైనా మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటోంది కాబట్టి, సాయంత్రం కాగానే గోనెసంచి తడిపి మొక్కల మొదళ్ల చుట్టూ పరిచేది. మేము ఉగాదికి కొత్త దుప్పటి కొనుక్కోలేదు గానీ ఆ ఆనప మొక్కలు మాత్రం రోజూ తడి దుప్పటి మీద పడుకున్నాయి. నీళ్లు కూడా సాయంత్రమే పోసేది. అంత సేవ పురిటి తల్లికి కూడా ఎవరూ చెయ్యరు.

అయినా తెల్లారేసరికి ఒక మొక్క కాడ అగ్గిపుల్ల అయిపోయింది. మూడు మిగిలాయి.

కోడి గంప కింద ఉంది. సందులో ముళ్లున్నాయి. మరి తిన్నదెవరు? బుద్ధున్న వాళ్లయితే ఇక్కడ ఆగి ఆలోచిస్తారు. మాకు అనుమానం ఉంది కాబట్టి బుద్ధి అవసరం లేకపోయింది. మనం చూడనప్పుడు అక్క గంప ఎత్తేస్తోందనీ, కావాలనే మా మీదకి తోలుతోందనీ నాన్నమ్మ అంది. ఏ పగ ఉందని అడిగాడు తాతయ్య. నెత్తళ్ల కంపు గురించి అన్న మాటకి పగబట్టిందని సమాధానం. ఈ మాటలన్నీ దడికి రెండు మూరల దూరంలో నిలబడి అన్నది. తాటాకు దడి కోడిని ఆపుతుందేమో, మాటని ఆపదు. ఆ రోజు నుంచి అటువైపు నుంచి కబుర్లు రావడం మానేశాయి. అక్క గంప ఎత్తుకుని ముందు దారిన వెళ్లిపోయేది. నన్ను చూస్తే ఎప్పుడూ ఏదో ఒక ఎగతాళి చేసే మనిషి, మా ఇంటి గోడని చూసినట్టు చూసి పోయేది.

మూడో రోజు సాయంత్రం ఆవిడ మా ముందు గుమ్మంలోంచి వచ్చింది. కాళ్లు కడుక్కుని, అరుగు మీద కూర్చోకుండా, చుట్టం వచ్చినట్టు నిలబడింది. అంతకు ముందు మా ఇంటికి ముందు గుమ్మం ఉన్నట్టు ఆవిడకి తెలుసని నేననుకోను. చేతిలో జల్లెడ, జల్లెడలో పొయ్యి బూడిద.

"మామ్మా, నీ పాదు సుట్టూ ఈ బూడిద జల్లుతాను. పొద్దు పొడిసాకే ముళ్లు తీసి, నా పెట్టని తోలుకుని వత్తాను. నాను వచ్చే లోపే నువ్వు ఎల్లి సూసుకో. బూడిదలో పెట్ట అడుగు మొక్క దగ్గిర ఒక్కటి కనపడినా దాన్ని నువ్వే కోసుకో."

"నాను తినను కదే."

"అయితే తాతకి పెట్టు."

తాతయ్య నిటారుగా కూర్చున్నాడు. ఆ నిమిషం నుంచి తెల్లారేదాకా ఆయన కోడి అడుగు కనపడాలని దేవుడికి మొక్కి ఉంటాడని నాకు ఇప్పటికీ గట్టి నమ్మకం.

పొద్దు గుంకుతోంది. అక్క పెరట్లోకి వెళ్లి, మూడు మొక్కల చుట్టూ జల్లెడ ఆడిస్తూ వంగి నడిచింది. బూడిద మెత్తగా గుండ్రంగా పరుచుకుంటోంది. మధ్యలో మొక్కలు, పైన సున్నం కళ్ల మసికుండ. నాన్నమ్మ నా జడ పట్టుకుని వెనక్కి లాగింది. ఆవిడ పెదవులు కదిలాయి. చిల్లంగి అంది. మా వైపు చేతబడికి ఆ మాట. వినపడీ వినపడనట్టు అంది.

తాతయ్య ఆ పది రోజుల్లో మొదటిసారి గొంతు పెంచాడు. అది కూడా గుసగుసలోనే. "ఆ మాట ఈ ఇంట్లో అనకు. బయటికి పోనాదంటే ఆ గుంట ఈ ఊళ్లో బతకలేదు."

అక్క చేతిలో జల్లెడ ఒక్క క్షణం ఆగింది. తరువాత మళ్లీ ఆడింది.

నాకు ఆ రాత్రి నిద్ర లేదని రాయాలని ఉంది గానీ, ఎనిమిదేళ్ల పిల్లని, ఒళ్లు తెలియకుండా పడుకున్నాను. వెలుగు రేకలు వస్తుండగానే నాన్నమ్మ నన్ను కుదిపి లేపింది. సాక్షి లేకుండా చూడటానికి ఆవిడకి తన మీదే నమ్మకం లేదు.

బూడిద మీద కోడి అడుగు లేదు. పిల్లి అడుగు లేదు. మా తాతయ్య అడుగు కూడా లేదు, అది నేను ప్రత్యేకంగా చూశాను. కానీ మూడు మొక్కల్లో ఒకటి పోయింది. దాని కాడ దగ్గర మొదలై, సన్నసన్నని గీతలు బూడిదలో అటూ ఇటూ పోయాయి. ఎవరో కుట్టు దారాలు తడిపి ఈడ్చినట్టున్నాయి. ఒకటి రెండు కాదు, ఒక పెళ్లి ఊరేగింపు వెళ్లి మళ్లీ వచ్చినన్ని.

ఈలోపు ముళ్లు తీసి అక్క సందులోంచి వచ్చింది. వెనకాల నల్ల పెట్ట. "ఏటున్నాది మామ్మా?" అంది.

"దారాలున్నాయి," అంది నాన్నమ్మ, ఆ మాటలో కూడా అనుమానం కలిపి.

"ఎక్కడికి పోతన్నాయో సూడు మరి."

ముగ్గురం వంగి దారాల వెంట నడిచాం. అవి దడి వైపు పోలేదు. అక్క ఇంటి వైపు పోలేదు. నేరుగా నాన్నమ్మ పరిచిన తడి గోనె కిందకీ, నాన్నమ్మ పేర్చిన కొబ్బరి డొక్కల సందుల్లోకీ పోయాయి. నాన్నమ్మ నడుము మీంచి కొంగు మెల్లగా జారింది.

రేవు ఊళ్లో వలని ఎలా దులుపుతారో అక్క గోనెని అలా దులిపింది. రెండు కొసలూ పట్టి, ఎత్తి, ఒక్క విసురు విసిరింది. బొటబొటమంటూ పురుగులు రాలాయి. ముదురు గోధుమ రంగు, వేలి గోరంత పొడవు, చదునైన ఒళ్లు. జెర్రులు కావు, ఆరే కాళ్లు. తోక చివర మాత్రం కంసాలి పట్టకారు లాంటిది రెండు కొమ్ములుగా ఉంది. వెలుగు తగలగానే అవి చూపించిన పరుగు, మా బడి గంట కొట్టాక మేము కూడా చూపించలేదు. చెవిలో దూరతాయని చెప్పి మా వాళ్లు వాటిని చెవిపురుగులనేవారు. నేను కెవ్వున అరిచి రెండు చెవులూ మూసుకున్నాను. నాన్నమ్మ కూడా మూసుకుంది, పెద్దరికం వల్ల ఒక్క చెవే.

అక్క ఒక పురుగుని అరచేతి మీదకి పాకించుకుంది. "ఇది సెవిలోకి దూరి ఏటి సేత్తాది సెప్పు. నా సెవిలో గులిమి తప్ప ఏటీ లేదు," అంది. దాని పట్టకారుకి చిటికెన వేలు అందించింది. అది నొక్కింది. చీమ కుట్టినంత కూడా లేదని అక్క మొహం చూస్తేనే తెలిసింది. కొమ్ములు వంకరగా ఉంటే మగదనీ, తిన్నగా ఉంటే ఆడదనీ చూపించింది. వాళ్ల రేవులో తడి వలలు ఎండెయ్యకుండా గుట్టగా పడేస్తే, మర్నాడు ఎత్తేసరికి కింద ఇవే ఉంటాయట. అందుకే వాళ్లు వలని రోజూ ఎత్తి, దులిపి, ఎండ చూపిస్తారు. వీటికి పగలు పడదు, ఎండ పడదు. తడీ చీకటీ కావాలి. రాత్రికి బయటికొచ్చి మెత్తగా ఏది దొరికితే అది కొరుకుతాయి.

అంటే అంతకు ముందు ఎక్కడ తలదాచుకునేవాడో గానీ, దొంగకి మొక్క పక్కనే ఇల్లు కట్టించింది మేము. పడక తడిపి పరిచింది మేము. సాయంత్రం నీళ్లు పోసి, భోజనం పక్కనే మొలిపించి, కొరుక్కోవడానికి దిష్టి తగలకుండా కుండ కూడా కట్టింది మేమే. వాటిని పట్టుకుని తినగలిగిన ఒకే ఒక్క జీవాన్ని గంప కింద పడేసిందీ మేమే. అప్పటికే నల్ల పెట్ట పని మొదలుపెట్టింది. కన్ను వంచి, ముక్కు పొడిచి, ఒక్కొక్క పురుగునీ అటుకుల్లా ఏరుకుంటోంది. దాని ముక్కు ఎంత వేగంగా ఆడిందంటే మా ఊరి దర్జీ మిషను సూది గుర్తొచ్చింది. సందడికి లేచి వచ్చిన తాతయ్య చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడి, చేతికందిన కూర చేజారిన మనిషి ముఖంతో చూశాడు.

నాన్నమ్మ కిరసనాయిలు కలిపిన నీళ్లు తెచ్చింది. డొక్కలు ఒక్కొక్కటే తిరగేస్తోంది. ఒక డొక్క లోపల చిన్న గుంటలో సగ్గుబియ్యం గింజల్లా తెల్లటి గుడ్ల కుప్ప ఉంది. దాని మీద ఒక పురుగు. మిగతావన్నీ పారిపోయినా అది కదల్లేదు. గుడ్డుని నోటితో ఎత్తి, నాకి, పక్కన పెట్టి, మళ్లీ ఇంకోటి ఎత్తుతోంది. తోక కొమ్ములు మా వైపు తిప్పింది. చెంబు ఎత్తిన నాన్నమ్మ చెయ్యి అలాగే ఉండిపోయింది.

"ఇదీ పొదిగే పెట్టేనేటి?" అంది, చెంబు కింద పెట్టి.

ఆ ఒక్క డొక్కనీ అక్క తీసుకెళ్లి, పెరటి చివర చిక్కుడు పందిరి కింద పెట్టింది. ఆ చిక్కుడు తీగల నిండా పేనుబంక పట్టి ఉంది. ఇవి దాన్నీ తింటాయంది. నాన్నమ్మ ఊరుకోలేదు. "దొంగకి కాపలా పని ఇస్తన్నావేటే," అని, ఆ తరువాత పది రోజులూ పందిరి కింద రహస్యంగా తనిఖీ చేసింది. పేనుబంక కొంత తగ్గిందని నేను చూశాను. ఆవిడ చూసినా చెప్పలేదు.

ఆ పగలే డొక్కలన్నీ పెరటి అవతలికి పోయాయి. గోనె ఎండకెక్కింది. నీళ్లు సాయంత్రం మాని పొద్దున్నే పొయ్యడం మొదలుపెట్టింది, రాత్రికి నేల పొడిగా ఉండాలని. మిగిలిన రెండు మొక్కల మీద పగలు కోళ్ల గంప బోర్లించి, కోడిని బయట వదిలారు. కోడి గెలికే మాట నిజమేనని అక్క మొదటే ఒప్పుకుంది కదా. మొక్కలకి రెండు బారల దూరంలో ఒక తడి గోనె పీలికని చుట్టగా చుట్టి ఉంచేవాళ్లు. రాత్రి తిరిగి తిరిగి తెల్లారేసరికి పురుగులు అందులో దూరేవి. పొద్దున్నే దాన్ని తెచ్చి పెట్ట ముందు దులపడం నా ఉద్యోగం. మొదటి రెండు రోజులు చెవుల్లో చిన్న దిండుకి సరిపడా దూది కుక్కుకుని దులిపాను. నాన్నమ్మ పిలిచిన పిలుపులేవీ వినపడక తన్నులు తిన్నాక దూది తీసేశాను.

అక్క ఇంకో ఉపాయం చెప్పింది. కొబ్బరి చిప్పని అంచుదాకా నేలలో పాతి, అడుగున కాస్త చేపలు వేయించిన నూనె పొయ్యాలి. వాసనకి వచ్చి పడతాయి, మళ్లీ ఎక్కలేవు. నీచు మానేసిన నాన్నమ్మ పెరట్లో చేపల నూనె. ఆవిడ ఒక రోజంతా ఆలోచించింది. చివరికి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని తనే చిప్ప పాతింది. మర్నాడు ఆ చిప్పలో మునిగినవాటిని నేను లెక్కపెట్టడం మొదలుపెట్టి, నాకు వచ్చిన అంకెలు అయిపోతే ఆపేశాను.

ఇంత చేసీ ఆ రెండు మొక్కల్లో ఒకటి చచ్చిపోయింది. ఈసారి పురుగు కాదు, మా తాతయ్య. పొరపాటున కాలు పడిందన్నాడు. ఆ కేసు మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు.

మిగిలిన ఒక్కటీ బతికింది. దానికీ కన్నాలు పడ్డాయి, కానీ కొత్త ఆకు కన్నం కంటే ముందు పెరగడం నేర్చుకుంది. దసరా నాటికి వంటింటి కప్పు ఎక్కింది. కాసిన మొదటి కాయని నాన్నమ్మ విత్తనానికి వదిలేసింది. అది ఎండి, గలగలమన్న రోజున అరుగు మీద కూర్చుని పగలగొట్టి, గింజలు కడిగి ఆరబెట్టింది. తరువాత వాటిని రెండు కుప్పలు చేసింది. ఒక కుప్ప గుడ్డలో మూట కట్టుకుని దడి సందు దగ్గరికి వెళ్లింది. నేను వెనకాలే ఉన్నాను.

"ఇయ్యి నీ దగ్గిరుంచు. నా దగ్గిర పోయినా నీ దగ్గిరుంటాయి," అంది.

అక్క చేతులు చేప పొలుసులతో ఉన్నాయి. కడుక్కుని రమ్మంటుందనుకున్నాను. నాన్నమ్మ ఆ చేతుల్లోనే పెట్టింది. తప్పు జరిగిందని ఒప్పుకోవడానికి ఆవిడకి అంతకంటే పొడవైన మాట రాదు.

ఇప్పుడు నేను శ్రీకాకుళంలో మేడ మీద కుండీల్లో కూరగాయలు పెంచుకుంటున్నాను. మాకు ఫోన్లో ఒక తోటల గుంపు ఉంది. అందులో వంకాయ ఆకుకి కన్నం పడితే చాలు, పక్కింటి పిల్లి నుంచి కింది వాటాలో అద్దెకున్నవాళ్ల దాకా ముద్దాయిలు వరస కడతారు. ఆ వరసలో నేనేమీ వెనకబడలేదు. అనుమానించడం నాకు నాన్నమ్మ దగ్గర్నుంచి వచ్చిన ఆస్తి, దాన్ని తగలెయ్యడం నా వల్ల కాదు. కానీ నా వేలు మెసేజు పంపే మీట మీదకి వెళ్లాక ఆగిపోతుంది. ముందు కుండీల కింద నేనే పెట్టిన పళ్లాలూ, నేనే పరిచిన కొబ్బరి పీచూ ఎత్తి చూస్తాను. చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు. దొరకని రోజు కూడా, ఎవరి మీదైనా అనుకున్న మాట ఆ రోజుకి నోట్లోనే ఉంచుకుని, తెల్లారాక చూద్దామనుకుంటాను. తెల్లారేసరికి ఆ మాట చాలాసార్లు తప్పని తేలుతుంది.

పక్కింటి అక్క ఇప్పుడు ముసలిదైపోయింది. ఏడాదికోసారి వెళ్లి చూసొస్తాను. ఆనప గింజలు చేతిలో పెట్టి పంపుతుంది, నా పొట్ట చూసి ఎగతాళి చేస్తుంది. ఇన్నేళ్లలో అన్ని విషయాలూ మాట్లాడుకున్నాం, ఒక్కటి తప్ప. ఆ సాయంత్రం బూడిద జల్లుతూ ఆగినప్పుడు, మా నాన్నమ్మ అన్న మాట ఆవిడకి వినపడిందో లేదో నేను అడగలేదు. అడగకుండానే నాకు తెలుసు. అందుకే నోరు తెరిచే ముందు నాకు ఇప్పటికీ ఆ ఒక్క క్షణం పడుతుంది.